శబ్దానికీ ఒక శాంక్షన్ లిమిట్

మోటారు రేసులంటే మన కోయంబత్తూరు తెలుగువారికి కొత్త సంగతి కాదు. మద్రాసు దగ్గర షోళవరం రన్‌వే మీద కార్లు పరుగెత్తిన రోజులు మా తరంవాళ్లకు ఇంకా గుర్తే. రేసు కార్లు సొంతంగా తయారుచేయించిన కరివర్ధన్ 1995లో విమాన ప్రమాదంలో పోతే, తరువాత ఆయన పేరు మీదనే మా ఊరి పక్కన చెట్టిపాళెంలో కరి మోటార్ స్పీడ్‌వే వెలిసింది. 2005లో ఫార్ములా వన్‌లో అడుగుపెట్టిన మొదటి భారతీయుడు నరేన్ కార్తికేయన్ కూడా మా ఊరివాడే. అందుచేత మా ఇళ్లలో పిల్లలకు కార్ల పిచ్చి ఉందంటే ఆశ్చర్యపోనక్కర్లేదు.

ఆ పిచ్చి బాగా ఉన్నవాడు మా అక్కయ్య కొడుకు. ఇంగ్లండులో ఉద్యోగం చేస్తున్నాడు. పాత మజ్దా ఎంఎక్స్-5 ఒకటి కొనుక్కున్నాడు. రెండు సీట్ల చిన్న స్పోర్ట్స్ కారు. అక్కడ ‘ట్రాక్ డే’ అని ఒక ఏర్పాటు ఉంది. రుసుము కట్టి మన సొంత కారును రేసు ట్రాక్ మీద తోలుకోవచ్చు. పోటీ లేదు, బహుమతి లేదు. నిర్వాహకులు చెప్పిన చోట, చెప్పిన పద్ధతిలోనే ముందు కారును దాటాలి. రోడ్డు మీద చూపించకూడని వేగాన్ని చూపించుకోవడానికి అదొక క్షేమమైన చోటు.

మావాడు మొదటిసారి ట్రాక్‌కు వెళ్లినప్పుడు ఒక్క చుట్టు కూడా తిరగకుండానే ఇంటికి రావలసి వచ్చింది. కారు చెడిపోలేదు, వాన పడలేదు. కారు గొంతు పెద్దదైపోయింది, అంతే. ఆ రోజు పరిమితి 98 డెసిబెల్స్, వాడి కారు పలికింది 102. కట్టిన రుసుము వాపసు రాలేదు.

“నాలుగంటే నాలుగే మామయ్యా! దానికింత రాద్ధాంతమా?” అని ఫోనులో ఒకటే బాధ.

నాలుగు అంత చిన్నదేమీ కాదు

నేను కామర్స్ చదివినవాణ్ణి. ఇంజన్ల సంగతి నాకు తెలియకపోయినా లెక్కల సంగతి తెలుసు. డెసిబెల్ లెక్క కూడికల లెక్క కాదు, చక్రవడ్డీ లాంటిది. మూడు డెసిబెల్స్ పెరిగితే శబ్దశక్తి రెట్టింపు అవుతుంది. పది పెరిగితే పదింతలు. ఆ ప్రకారం వాడి నాలుగు డెసిబెల్స్ అంటే అనుమతించిన దానికి రెండున్నర రెట్లు. లక్ష రూపాయల లిమిట్ ఉన్న ఖాతాదారు రెండున్నర లక్షలకు చెక్కు రాస్తే మా బ్యాంకులో ఊరుకుంటామా? ఆ మాటే వాడితో అన్నాను.

పరీక్ష చేసే తీరు కూడా తెలుసుకోదగ్గది. పోయిన వేసవిలో సెలవు మీద వెళ్లినప్పుడు దగ్గరుండి చూశాను. సైలెన్సర్ గొట్టం చివరనుంచి అర మీటరు దూరంలో, 45 డిగ్రీల వాలులో మైకు పెడతారు. ఇంజనును దాని గరిష్ఠ చుట్లలో ముప్పాతిక వంతుకు పెంచమంటారు. నిమిషానికి 7,000 చుట్లు తిరిగే ఇంజనైతే 5,250 అన్నమాట. మీటరులో అంకె చూసి, అవునో కాదో చెప్పేస్తారు. చాలా ట్రాకుల్లో ఈ నిలకడ పరీక్షకు 105 వరకు ఒప్పుకుంటారు. నిశ్శబ్ద దినాలనుకున్నప్పుడు అది 98కి దిగుతుంది.

అక్కడితో అయిపోలేదు. ట్రాక్ పక్కన ఇంకో మైకు కాపలా ఉంటుంది. పరుగులో పరిమితి దాటితే నల్లజెండా చూపించి లోపలికి పిలుస్తారు.

పొరుగువాడి చెవి

ఇంత పట్టింపు ఎందుకంటే, ట్రాక్ పక్కన ఊళ్లున్నాయి, ఇళ్లున్నాయి. ఉత్తర యార్క్‌షైర్‌లోని క్రాఫ్ట్ అనే ట్రాక్ మీద పొరుగు కుటుంబం ఒకటి కోర్టుకెక్కింది. 2009లో అప్పీలు కోర్టు, ఎక్కువ రొద చేసే రోజులు ఏడాదికి నలభైకి మించకూడదని ఉత్తర్వు ఇచ్చింది. గుడ్‌వుడ్ ట్రాక్‌లో 1966లో ఆగిపోయిన రేసులు 1998లో మళ్లీ మొదలయ్యాయి. శబ్దం ఊళ్ల మీద పడకుండా అక్కడ మట్టికట్టలు పోశారు. కాలిఫోర్నియాలో పేరుమోసిన లగూనా సెకాలో మామూలు రోజుల్లో యాభై అడుగుల దూరాన 90 డెసిబెల్స్ హద్దు. ఒక్కడు హద్దు మీరితే పోయేది వాడి రుసుమే కాదు, అందరికీ ఉన్న ట్రాకే పోవచ్చు.

దూరం పెరిగితే శబ్దం తగ్గదా అని మీరడగవచ్చు. తగ్గుతుంది. బయలు ప్రదేశంలో దూరం రెట్టింపైనప్పుడల్లా దాదాపు ఆరు డెసిబెల్స్ తగ్గుతాయి. అర మీటరు దగ్గర 98 ఉంటే, 64 మీటర్ల దగ్గర 56. మన దేశంలో నివాస ప్రాంతాలకు 2000 సంవత్సరపు నిబంధనలు పగటిపూట విధించిన హద్దు 55. ఒక్క కారైతే పరవాలేదనిపిస్తుంది. కాని అలాంటివి ఇరవై కార్లు ఒకేసారి మోగితే ఇంకో పదమూడు కలుస్తాయి. అదీ పొద్దుటినుంచి సాయంత్రం దాకా.

సైలెన్సర్ వైద్యం

మావాడు పట్టుదల గలవాడు. సైలెన్సర్ విప్పి చూస్తే రోగం తెలిసింది. ఈ రకం సైలెన్సర్‌లో చిల్లులున్న గొట్టం చుట్టూ గాజునూలు కూరి ఉంటుంది. శబ్దాన్ని తాగేది అదే. వేడికి ఏళ్ల తరబడి కాలి అది సగం పోయింది. పాత యజమాని పట్టించుకోలేదు. కొత్త నూలు కూర్చి, తోకగొట్టానికి అదనంగా ఒక చిన్న సైలెన్సర్ బిగించాడు. పొగను శుద్ధిచేసే కేటలిటిక్ కన్వర్టర్‌ను తీయలేదు. అది కూడా కొంత శబ్దాన్ని మింగుతుంది, పైగా తీసేస్తే ఆ కారు రోడ్డు మీదికి పనికిరాదు.

కొందరు గొట్టం మూతిని మైకు లేని వైపుకు తిప్పుతారట. కొందరు మైకు ముందు మాత్రం గేరు మార్చి ఇంజను చుట్లు తగ్గిస్తారట. నిబంధన ప్రకారం తప్పు కాకపోయినా, తేలుకుట్టిన దొంగలా తిరగడం కంటే శబ్దాన్నే తగ్గించుకోవడం మేలని మావాడికి తోచింది. గాలి వాటం, పక్కన గోడ ఉండటం వల్ల అంకె కొంచెం అటూ ఇటూ అవుతుంది గనుక రెండు మూడు డెసిబెల్స్ నిల్వ ఉంచుకోవాలని కూడా నేర్చుకున్నాడు. బ్యాంకు భాషలో దాన్ని మార్జిన్ అంటాం.

నేను చూసిన రోజు మీటరు 96 చూపింది. 102 నుంచి ఆరు తగ్గితే శక్తి నాలుగో వంతే మిగిలినట్టు. పరీక్షకుడు కారుకు ఒక చీటీ అంటించి, వెళ్లమని చెయ్యి ఊపాడు. సాయంత్రం వరకు మావాడు తనివితీరా తోలాడు. “వేగం తగ్గిందా?” అంటే, “నాకైతే తెలియలేదు మామయ్యా” అన్నాడు.

మన వీధుల్లో సైలెన్సర్ పీకి మోటారు సైకిళ్లు తోలే కుర్రవాళ్లకు ఈ సంగతి చెప్పాలనిపించింది. వేగానికీ రొదకూ వాళ్లనుకునేంత చుట్టరికం లేదు. తాత ముత్తాతల నాడు పరాయి నేల మీదికి వచ్చి, పక్కవాడి మనసు నొప్పించకుండా మన పండుగలూ మన భాషా నిలుపుకున్నవాళ్లం మనం. సరదా నిలవాలంటే పొరుగువాడి నిద్రకూడా నిలవాలని వేరే ఎవరో మనకు చెప్పనక్కర్లేదు.