నియామక పత్రంలో ఒక వాక్యం: ఒంటారియోలో తొలగింపు పరిహారం

గ్వెల్ఫ్ వంటి పట్టణంలో కుటుంబవైద్యుని వద్దకు నిద్ర పట్టడం లేదనీ, రక్తపోటు అదుపు తప్పిందనీ వచ్చేవారిలో కొందరి అసలు బాధ ఉద్యోగం పోవడమే. ఆ వైద్యుడు తన క్లినిక్కులో యజమాని కూడా. రిసెప్షనిస్టుకు జీతమిచ్చేదీ, అవసరమైతే తొలగించేదీ అతడే. ఇలా రెండు వైపులా చూస్తున్న నాకు తోచినదేమంటే, తొలగింపు చట్టం ఇరుపక్షాలకూ తెలిసింది తక్కువ. భారతదేశంలో 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టం కార్మికుల విషయంలో నెల నోటీసు, ఏడాదికి పదిహేను రోజుల వేతనం అన్న లెక్కను అలవాటు చేసింది. అమెరికా నుంచి వచ్చినవారు యజమాని ఎప్పుడైనా తొలగించవచ్చునన్న సూత్రానికి అలవాటుపడి ఉంటారు. ఒంటారియో పద్ధతి ఈ రెంటికీ భిన్నం.

ఇక్కడ పరిహారానికి రెండు అంచెలున్నాయి. మొదటిది ఎంప్లాయ్‌మెంట్ స్టాండర్డ్స్ యాక్ట్, 2000. మూడు నెలల సర్వీసు దాటితే ఒక వారం నోటీసు, ఏడాది దాటితే రెండు వారాలు, మూడేళ్లు నిండితే మూడు వారాలు. ఆపైన ఏడాదికొక వారం చొప్పున పెరిగి ఎనిమిది వారాల వద్ద ఆగుతుంది. నోటీసు ఇవ్వకపోతే అంతకాలపు జీతమివ్వాలి. సెవరెన్స్ పే దీనికి అదనం. అయిదేళ్ల సర్వీసు ఉండి, సంస్థ వార్షిక పేరోల్ 25 లక్షల డాలర్లకు తగ్గకపోతే, ఏడాదికొక వారం చొప్పున గరిష్ఠంగా 26 వారాల జీతం వస్తుంది. పెద్ద సంస్థలో పన్నెండేళ్లు పనిచేసిన వ్యక్తికి ఈ లెక్కన 8, 12 కలిపి 20 వారాలు. చిన్న క్లినిక్కులో ఆరేళ్లు పనిచేసిన రిసెప్షనిస్టుకు ఆరు వారాలే.

ఇది కనీస హక్కు మాత్రమే. రెండవ అంచె కామన్ లా, అంటే న్యాయస్థానాల తీర్పుల ద్వారా రూపొందిన న్యాయం. 1960లో బార్డల్ వర్సెస్ గ్లోబ్ అండ్ మెయిల్ కేసులో ప్రధాన న్యాయమూర్తి మెక్‌రూయర్ నాలుగు అంశాలు చూడాలన్నారు: ఉద్యోగ స్వభావం, సర్వీసు కాలం, వయసు, అటువంటి ఉద్యోగం మళ్లీ దొరికే అవకాశం. దీని ప్రకారం యాభై దాటినవారికి పరిహారం చాలా నెలలకు పెరగవచ్చు. సాధారణంగా 24 నెలలు మించదు. ఏడాదికొక నెల అన్న సూత్రమేదీ లేదు. చట్టప్రకారం ఇచ్చినది ఈ మొత్తంలో భాగమే.

కామన్ లా హక్కును నియామక పత్రంలోని తొలగింపు షరతు తగ్గించగలదు. అయితే ఆ షరతు చట్టం ఇచ్చే కనీసానికి దిగువన ఉంటే చెల్లదని, అప్పుడు కామన్ లా నోటీసే వర్తిస్తుందని 1992లో మాక్టింగర్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. 2020లో వాక్స్‌డేల్ కేసులో ఒంటారియో అప్పీలు కోర్టు మరో అడుగు వేసింది. తగిన కారణంపై తొలగిస్తే ఏమీ ఇవ్వనక్కరలేదన్న వాక్యం చట్టవిరుద్ధమైతే, యజమాని దానిని వాడుకోకపోయినా తొలగింపు షరతులన్నీ రద్దవుతాయి. కనుక ఎక్కడినుంచో నకలు చేసిన పత్రం వాడే చిన్న యజమాని, ఆరు వారాలనుకున్న చోట అనేక నెలల జీతం చెల్లించవలసి రావచ్చు. ఉద్యోగంలో చేరాక, కొత్త ప్రయోజనమేదీ ఇవ్వకుండా సంతకం చేయించుకున్న షరతు కూడా నిలవడం కష్టం.

సాఫ్ట్‌వేర్ రంగంలోనివారు మరికొన్ని విషయాలు గమనించాలి. ఐటీ నిపుణులకు ఓవర్‌టైం హక్కు లేదు గాని, నోటీసు, సెవరెన్స్ హక్కులున్నాయి. సొంత కంపెనీ ద్వారా గంటకు 60 డాలర్లు లేదా అంతకు మించి తీసుకునే ఐటీ కన్సల్టెంట్లను మాత్రం, నిర్ణీత షరతులకు లోబడి, 2023 జనవరి 1 నుంచి ఈ చట్టం పరిధినుంచి తప్పించారు. బ్యాంకులు, టెలికాం, విమాన సంస్థలకు ఫెడరల్ చట్టమైన కెనడా లేబర్ కోడ్ వర్తిస్తుంది.

తొలగించిననాడు చేతికిచ్చే రిలీజ్ పత్రంపై అక్కడికక్కడే సంతకం చేయనక్కరలేదు. చట్టబద్ధమైన కనీస మొత్తాన్ని సంతకంతో నిమిత్తం లేకుండా యజమాని చెల్లించాలి. సంతకం చేస్తే వదులుకునేది సాధారణంగా కామన్ లా హక్కునే. దావాకు సాధారణ గడువు రెండేళ్లు. ఈలోగా కొత్త ఉద్యోగం కోసం తగిన ప్రయత్నం చేయడం, దానికి ఆధారాలుంచుకోవడం ఉద్యోగి బాధ్యత. యజమానులు నియామక పత్రాన్ని న్యాయవాదికి చూపవలసింది ఉద్యోగి చేరే రోజుకు ముందే. ఉద్యోగులు ఆ పత్రం ప్రతిని భద్రపరచుకుని, రిలీజ్‌పై సంతకానికి ముందు దానిని న్యాయవాదికి చూపాలి.