కంట్లో సున్నం పడి చూపు పోయిందా? బాగున్న కంటి కణాలతోనే చికిత్స.. స్టెమ్ సెల్ మార్పిడి ఎలా చేస్తారంటే!

పొగాకులో నలిపే సున్నం ప్యాకెట్, గోడలకు వేసే సున్నం, రొయ్యల చెరువుల్లో చల్లే సున్నం.. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల వాళ్లకు ఇవి కొత్తేమీ కాదు. కానీ అదే సున్నం కంట్లో పడితే చూపే పోవచ్చు. చిన్న పిల్లలు ప్యాకెట్‌ను గట్టిగా నొక్కినా చాలు, చిట్లి నేరుగా కంట్లోకి చిమ్ముతుంది.

కంట్లో ఏం జరుగుతుంది?

నల్లగుడ్డు మీద అద్దంలాంటి పారదర్శకమైన పొర ఉంటుంది. అదే కార్నియా. దాని పైపొర ఎప్పటికప్పుడు అరిగిపోయి కొత్తది వస్తుంటుంది. ఆ కొత్త కణాలను అందించేవి నల్లగుడ్డు, తెల్లగుడ్డు కలిసే అంచులో ఉండే మూలకణాలు. ఈ అంచునే లింబస్ అంటారు. సున్నం, యాసిడ్ లాంటివి పడి ఆ కణాలు చనిపోతే తెల్లగుడ్డు మీది పొర, రక్తనాళాలు కార్నియా మీదికి పాకేస్తాయి. చూపు మసకబారుతుంది. అప్పుడు దాత కార్నియా ఒక్కటే పెట్టినా నిలవడం కష్టం. ఎందుకంటే పైపొరను పుట్టించే కణాలే అక్కడ ఉండవు.

చికిత్స ఎలా?

1997లో ఇటలీ వైద్యులు ల్యాబ్‌లో పెంచిన మూలకణాలను కంటికి అమర్చి ఫలితం చూపించారు. అయితే దానికి ఖరీదైన ల్యాబ్ కావాలి. హైదరాబాద్‌లోని ఎల్వీ ప్రసాద్ కంటి ఆస్పత్రి వైద్యులు డాక్టర్ వీరేందర్ సంగ్వాన్ బృందం 2012లో ల్యాబ్ అవసరం లేని పద్ధతిని ప్రచురించింది. దాని పేరు 'స్లెట్'.

బాగున్న కంటి అంచు నుంచి సుమారు 2 మిల్లీమీటర్ల ముక్క తీస్తారు. దాన్ని చిన్న చిన్న ముక్కలు చేస్తారు. దెబ్బతిన్న కన్ను శుభ్రం చేసి, ఉమ్మనీటి సంచి పొర పరిచి, దానిపై ఆ ముక్కలను ఒకరకం జిగురుతో అతికిస్తారు. కణాలు కంటి మీదే పెరిగి కొత్త పైపొర తయారవుతుంది. ఈ ఆస్పత్రిలో 125 మందిపై చేసిన అధ్యయనం 2016లో వచ్చింది. వారిలో 76 శాతం మందికి చికిత్స ఫలించింది.

అందరికీ కుదురుతుందా?

కుదరదు. ఒక కన్ను బాగుంటేనే సొంత కణాలు దొరుకుతాయి. రెండు కళ్లూ దెబ్బతింటే బంధువులు లేదా మరణించిన దాతల కణాలు వాడాలి. అప్పుడు శరీరం వాటిని తిప్పికొట్టకుండా మందులు వాడాల్సి వస్తుంది. కార్నియా లోపలి పొరల్లోనూ మచ్చ ఉంటే తర్వాత కార్నియా మార్పిడి కూడా అవసరం కావచ్చు.

ఉత్తరాంధ్ర వాళ్లకు దగ్గర్లో విశాఖ హనుమంతవాక జంక్షన్ వద్ద ఎల్వీ ప్రసాద్ ఆస్పత్రి శాఖ ఉంది. చికిత్స సరిపోతుందో లేదో కార్నియా నిపుణులే పరీక్షించి చెప్పాలి.

సున్నం పడగానే ఏం చేయాలి?

కన్ను నలపొద్దు. రెప్పలు తెరిచి, ధారగా శుభ్రమైన నీళ్లతో కనీసం 15 నుంచి 30 నిమిషాలు కడగాలి. నెయ్యి, ఆముదం, చనుబాలు, పసరు మందులు ఏవీ వేయొద్దు. ఆస్పత్రికి పరిగెత్తాలి.. కానీ కన్ను కడిగాకే!