గేదెల్ని ఆపితే పక్షులకు ఎందుకు ఇబ్బందైంది?

రాజస్థాన్‌లోని భరత్‌పూర్ పక్కనే కేవలాదేవ్ జాతీయ పార్కు ఉంది. విస్తీర్ణం 29 చదరపు కిలోమీటర్లే అయినా అక్కడ 350కి పైగా రకాల పక్షులు కనిపించాయి.

అన్ని పక్షులు ఎందుకు వస్తాయి?

అక్కడి నీళ్లు లోతు తక్కువ. కొంగలు నిలబడి చేపలు పట్టుకోవచ్చు, బాతులు ఈదుతూ మేత వెతుక్కోవచ్చు. నీటి మధ్యలోని తుమ్మచెట్లపై గూళ్లు క్షేమంగా ఉంటాయి.

నీళ్లు ఎలా వస్తాయి?

ఇది మనుషులు తీర్చిదిద్దిన చిత్తడి నేల. 18వ శతాబ్దంలో భరత్‌పూర్ రాజులు అజాన్ బంధ్ అనే కట్ట కట్టించారు. అక్కడి నుంచి వానాకాలంలో నీళ్లు వదిలితే పల్లపు నేలలు నిండుతాయి.

మరి గేదెల సంగతేమిటి?

జాతీయ పార్కు అయ్యాక, 1982లో పశువుల మేతను నిషేధించారు. ఆ తర్వాత నీటిగడ్డి విపరీతంగా పెరిగింది. అంతకుముందు గేదెలు దాన్ని మేసి అదుపులో ఉంచేవి. గడ్డి కమ్మేయడంతో ఈదడానికి, మేత వెతకడానికి ఖాళీ నీళ్లు తగ్గాయి. బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ శాస్త్రవేత్తలు ఏళ్ల తరబడి పరిశీలించి ఈ సంబంధాన్ని తేల్చారు.

పక్షులకు ముప్పు పార్కు బయట కూడా ఉంటుంది. ఒకప్పుడు చలికాలంలో సైబీరియా నుంచి తెల్లని సైబీరియన్ కొంగలు ఇక్కడికి వచ్చేవి. 2002 తర్వాత అవి కనిపించలేదు. వలస దారిలో వేట ఇందుకు ఒక ముఖ్య కారణం.

కాబట్టి పక్షుల్ని కాపాడాలంటే కంచె ఒక్కటే చాలదు. నీళ్లు, గడ్డి, పశువులు, దూరదేశపు దారులు, అన్నింటినీ కలిపి అర్థం చేసుకోవాలి.