మనకు ముందు నడిచిందెవరు?

అవి 1980ల తొలి రోజులు. హైదరాబాదు నుంచి కొందరు ఆడవాళ్లు టేప్‌రికార్డరు పట్టుకుని తెలంగాణ పల్లెల వెంట తిరిగారు. కె. లలిత, వసంత కన్నబిరాన్, రమా మేల్కోటే, సూసీ తారు, వీణా శత్రుఘ్న, ఉమామహేశ్వరి. అందరూ స్త్రీ శక్తి సంఘటన అనే స్త్రీవాద బృందం సభ్యులు. 1946 నుంచి 1951 దాకా సాగిన తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్న స్త్రీల దగ్గర కూర్చుని, వాళ్లు చెప్పింది చెప్పినట్టు రికార్డు చేశారు. ఆ పోరాటం గురించి అప్పటికే నాయకుల పుస్తకాలు చాలానే ఉన్నాయి. వాటిలో ఆడవాళ్లూ ఉన్నారు, అన్నం వండి పంపినవాళ్లుగా, చీటీలు చేరవేసినవాళ్లుగా. వాళ్లలో చాలామందికి పేర్లే లేవు.

1986లో ‘మనకు తెలియని మన చరిత్ర’ వచ్చింది. విసునూరు దేశ్‌ముఖ్‌తో తన భూమి కోసం తలపడ్డ చాకలి ఐలమ్మ మాటలు అందులో ఉన్నాయి. పుస్తకం చేతికి రాకముందే, 1985లో ఆమె పోయారు. దళంలో వైద్యం నేర్చుకుని అందరి చేతా డాక్టరనిపించుకున్న రేగళ్ల అచ్చమాంబ ఉన్నారు. అడవిలో ఉండగా కన్నబిడ్డను పరాయి చేతుల్లో పెట్టాల్సి వచ్చిన కమలమ్మ ఉన్నారు. దళానికి ప్రమాదమని బిడ్డను వదులుకోమన్నారు, వదులుకున్నారు. ఆ తల్లి ఏమైందో రాయడానికి అప్పటిదాకా ఏ పోరాట చరిత్రలోనూ చోటు దొరకలేదు.

పుస్తకంలో, పోరాటం నడిపిన కమ్యూనిస్టు పార్టీని ఇబ్బంది పెట్టిన సంగతి మరొకటుంది. పోరాటం విరమించాక మగ నాయకులు ఎన్నికల్లో నిలబడి చట్టసభలకు వెళ్లారు. ఆరుట్ల కమలాదేవి లాంటివాళ్లు ఒకరిద్దరు తప్ప, తుపాకీ పట్టిన ఆడవాళ్లు మళ్లీ పొయ్యి దగ్గరికే చేరారు. ఇక ఇంటికి పొమ్మన్నారని వాళ్లు చెప్పిన తీరులో పోరాటం మీద ప్రేమ ఉంది, పార్టీ మీద నిష్ఠూరమూ ఉంది. రెండూ చెరిపేయకుండా అచ్చువేయడమే ఆ పుస్తకం గొప్పతనం.

స్త్రీవాదం పడమటి నుంచి దిగిన సరుకని ఇప్పటికీ అనేవాళ్లున్నారు. ఆలోచనలు అక్కణ్ణుంచీ వచ్చాయి, కాదనక్కర్లేదు. కానీ తెలుగునాట ఈ ఉద్యమం మళ్లీ మళ్లీ ఒకే పని దగ్గర మొదలైంది. మనకంటే ముందు ఎవరున్నారో వెతకడం దగ్గర.

ఆ పని అందరికంటే ముందు తలకెత్తుకున్నది ఇంకో అచ్చమాంబ. భండారు అచ్చమాంబ 1874లో పుట్టారు. బడి లేదు, చిన్నతనంలోనే పెళ్లి. తమ్ముడు కొమర్రాజు లక్ష్మణరావు చదువుకుంటుంటే పక్కన కూర్చుని తెలుగు, హిందీ, మరాఠీ నేర్చుకున్నారు. పుట్టిన బిడ్డలు దక్కలేదు. ఆ దుఃఖంలోంచే ‘అబలా సచ్చరిత్ర రత్నమాల’ మొదలుపెట్టి, 1901లో మొదటి భాగం తెచ్చారు. ఆడవాళ్లకు తెలివి తక్కువన్న వాదానికి ఆమె జవాబు ఉపన్యాసం కాదు. ఏలినవాళ్లు, చదివినవాళ్లు, యుద్ధం చేసినవాళ్లు ఇదిగో వీళ్లంటూ ఒక్కొక్కరి జీవితాన్నీ వరసగా రాసుకుంటూ పోయారు. 1902లో ఓరుగంటి సుందరీ రత్నమాంబతో కలిసి మచిలీపట్నంలో బృందావన స్త్రీ సమాజం పెట్టారు. 1905లో, ముప్ఫయ్యేళ్లకే కన్నుమూశారు.

మరి అంతమంది చరిత్ర రాసిన మనిషికి మనం ఏ చోటిచ్చాం? ఆమె కథ ‘ధనత్రయోదశి’ 1902లోనే ‘హిందూసుందరి’ పత్రికలో వచ్చింది. గురజాడ ‘దిద్దుబాటు’ 1910 నాటిది. అయినా తొలి కథంటే ‘దిద్దుబాటే’ అని పాఠాలు చెప్పుకుంటూనే వచ్చాం. గురజాడ మీద గౌరవం ఉంచుకునే ఈ మాట అనొచ్చు.

సంస్కరణల కాలం అడిగింది చదువు, వితంతువుకు మళ్లీ పెళ్లి. డెబ్భైల తరం ఇంకా లోపలికి వెళ్లింది. 1974లో ఉస్మానియా విశ్వవిద్యాలయం అమ్మాయిలు ప్రగతిశీల మహిళా సంఘం పెట్టి వరకట్నం మీద, అశ్లీల పోస్టర్ల మీద, ధరల మీద వీధికెక్కారు. ఎమర్జెన్సీ వచ్చి నోరు నొక్కింది. 1978లో హైదరాబాదులో ఒక ముస్లిం యువతి మీద పోలీసులే అత్యాచారం చేశారు, ఆమె భర్త వాళ్ల దెబ్బలకు చనిపోయాడు. నగరం భగ్గుమంది. విచారణ కమిషన్ పోలీసులను తప్పుపట్టినా కేసు రాయచూరు కోర్టుకు మారి చివరికి కొట్టుడుపోయింది. ఈలోగా నేరం సంగతి వదిలేసి ఆమె నడత మీద చర్చ పెట్టారు. ఇలాంటి కేసుల మీద దేశమంతా ఆందోళన చేశాకే 1983లో అత్యాచార చట్టం మారింది.

నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లకు సంఘం లేదు, సిద్ధాంతం పేరూ తెలీదు. రాత్రిబడి వాచకంలో తాగుడికి చితికిపోయిన సీతమ్మ అనే ఆవిడ కథ ఉంది. అది మన కథే కదా అనుకున్నారు. కూలి డబ్బంతా సారా ప్యాకెట్లకు పోతోంది. రోశమ్మ లాంటివాళ్లు ముందు నిలబడి ఊళ్లో సారా అమ్మకం ఆపించారు. వాళ్లు చేసిన పని తర్వాతి వాచకంలో పాఠమైంది. అది చదివిన ఊళ్లు సారా జీపులను వెనక్కి తరిమాయి, వేలంపాటలను అడ్డుకున్నాయి. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతా సారా నిషేధం. ‘వారుణి వాహిని’ పేరుతో ఊరూరికీ సారా చేర్చింది ఎన్టీఆర్ ప్రభుత్వమే, 1994 డిసెంబరులో గద్దెనెక్కుతూనే మద్యనిషేధం మీద సంతకం చేసిందీ ఆయనే. 1997లో నిషేధం ఎత్తేశారు. ఖజానా లెక్క గెలిచింది.

ఉద్యమం తన ఇంట్లోనూ మాట పడింది. 1993లో ఓల్గా సంపాదకత్వంలో వచ్చిన ‘నీలిమేఘాలు’ స్త్రీవాద కవిత్వాన్ని ఒక్కచోటికి తెచ్చింది. అప్పటికే జయప్రభ పైట మీద రాసిన కవిత పెద్ద దుమారం రేపి ఉంది. ఆడదాన్ని లొంగదీసే సిగ్గుకు గుర్తయిన ఆ గుడ్డను కాల్చేయాలన్నది ఆమె కోపం. తర్వాత దళిత కవయిత్రి జూపాక సుభద్ర కొంగు మీద కవితతో బదులిచ్చారు. కూలికి పోయే ఆడమనిషికి కొంగు సిగ్గు కప్పే గుడ్డ కాదు. చెమట తుడిచేది అది, నెత్తిన మూటకింద చుట్టకుదురయ్యేది అది, నాలుగు గింజలు కట్టుకునేది అది. తగలెయ్యమంటే ఎలా తగలెయ్యాలి? నాకు ఈ రెండు కవితలూ కావాలి. అయితే రెండోది రాకపోతే మొదటిదానిలో ఎవరు లేరో నాలాంటి పాఠకులకు తెలిసేది కాదు. గోగు శ్యామల 1921 నుంచీ వచ్చిన దళిత స్త్రీల రచనలను వెతికి ‘నల్లపొద్దు’గా కూర్చింది కూడా అందుకే. వెతుకులాట మళ్లీ మొదటికొచ్చింది, ఈసారి స్త్రీవాదులు వదిలేసినవాళ్ల కోసం.

‘అన్నీ వచ్చేశాయిగా, ఇంకా ఏం కావాలి?’ అని అడుగుతుంటారు. ఒక్క ఆస్తి సంగతే చూద్దాం. ఉమ్మడి ఆస్తిలో కూతురికి కొడుకుతో సమానమైన వాటా ఇస్తూ ఆంధ్రప్రదేశ్ తెచ్చిన చట్టం 1985 సెప్టెంబరు 5 నుంచి అమలైంది. అప్పటికే పెళ్లయిపోయిన కూతుళ్లకు అది వర్తించలేదు. దేశమంతటికీ ఆ హక్కు రావడానికి ఇంకో ఇరవయ్యేళ్లు పట్టి, 2005 వచ్చింది. ఇప్పుడు రిజిస్ట్రారు ఆఫీసు వరండాలో నిలబడి చూడండి. అన్న కారులో తీసుకొచ్చిన చెల్లెలు హక్కు విడుదల పత్రం మీద సంతకం చేస్తుంది. కాదంటే పుట్టింటి గడప తొక్కనివ్వరేమోనని ఆమె భయం. పసుపు కుంకుమ కింద చీర పెడతారు. ఆ కాగితం మీద ‘నా ఇష్టపూర్వకంగా’ అని రాసి ఉంటుంది.