వింటినారియు వ్రేలితొడుగును

విలువిద్య యనగానే మనలో ననేకులకు మత్స్యయంత్రమును, శివధనుర్భంగమును, గాండీవటంకారమును స్ఫురించును. నేటి నా ప్రసంగవిషయ మంత గంభీరమైనది కాదు. నారిని లాగి విడుచు మూడు వ్రేళ్లకొనలను గూర్చియు, వానికి తొడుగవలసిన తోలును గూర్చియు నాలుగు మాటలు మనవి చేయదలచితిని. విషయ మల్పమని తలపకుడు. ఈ యల్పవిషయమును నిర్లక్ష్యము చేసి నేనొక బాలునకు కీడు చేసితిని. ఆ తప్పు మఱియొకరు చేయకుండుటకే యీ ప్రసంగము.

నేను ముప్పదియేండ్లకు పైగా పాఠశాలలో తెలుగును సంస్కృతమును బోధించి విశ్రాంతి నొందినవాడను. పుస్తకములలో చదివిన విద్య నొకింత చేతితో నెఱుగవలెనను కోరిక పుట్టి, వెదురువిల్లొకటి సంపాదించి, సాయంకాలములందు మా చెఱువుగట్టు నానించి గడ్డిమోపును గుఱిగా నిలిపి యభ్యసింప మొదలిడితిని. నన్ను జూచి వీథిబాలురు నలుగురైదుగురు చేరిరి. వారిలో పండ్రెండేండ్లవాడొకడు మిక్కిలి పట్టుదల గలవాడు. ప్రొద్దు గ్రుంకువఱకు వట్టి వ్రేళ్లతో బాణములు వేయుచునే యుండును. వ్రేళ్లు మండుచున్నవని వాడొకనాడు చెప్పగా, “నొప్పి నోర్చుటయే తపస్సు; కాయలు కాచినచో నదియే పోవును” అని పెద్దఱికము చూపి పంపితిని.

మూడు వారములు గడచునప్పటికి వాని చూపుడువ్రేలికొనయు నడిమివ్రేలికొనయు తిమ్మిరెక్కి స్పర్శ తగ్గినవి. పరీక్షలు సమీపించినవి. వాని తల్లి మా యింటికి వచ్చి గుమ్మములోనే నిలిచి, “పంతులుగారూ! విల్లు నేర్పారు, సంతోషమే. కాని వీడు కలం పట్టుకోలేకపోతున్నాడు. కలం మాన్పించి విల్లు పట్టించమని మేం మిమ్మల్ని అడగలేదు గదండీ!” అనెను. ఆ మాటకు నాయొద్ద నుత్తరము లేకపోయెను.

ఆ రాత్రి నిద్ర పట్టక శ్రీమద్రామాయణము బాలకాండము తెఱచితిని. విశ్వామిత్రుని వెంట యాగరక్షణమునకు బోవుచున్న రామలక్ష్మణులను మహర్షి వర్ణించుచు, వారు గోధను, అంగుళిత్రాణమును కట్టుకొనియుండిరని చెప్పినాడు. గోధ యనగా ముంజేతికి కట్టుకొను తోలుకాపు. అంగుళిత్రాణ మనగా వ్రేళ్లను రక్షించునది. ఈ సమాసమునకు విగ్రహవాక్యమును నేనెన్నిసారులు చెప్పించితినో లెక్కలేదు. దాని యర్థము మాత్ర మా రాత్రియే నాకు బోధపడినది. దశరథుని కుమారులకు, అంతటి ధనుర్ధరులకు, వ్రేళ్లకు రక్ష యుండగా, మా వీథిబాలునకు అక్కఱలేదని చెప్పుటకు నేనెవడను?

మన పూర్వులీ విషయము చక్కగా నెఱుగుదురు. అమరసింహుడు తన కోశములో గోధ, తల, జ్యాఘాతవారణము అను పేర్లు చేర్చినాడు. జ్యాఘాతవారణ మనగా నారిదెబ్బను వారించునది యని స్పష్టమే. ఉడుమునకును గోధ యనియే పేరు. ఉడుము తోలుతో చేయుటవలన నాపేరు వచ్చియుండవచ్చును. ఇక నారిదెబ్బ యెట్టిదో విరాటపర్వము తెలుపుచున్నది. అజ్ఞాతవాసమునకు బోవునపుడు అర్జునునకు కలిగిన చింతలలో నొకటి, తన భుజములమీది నారికాయలను దాచుట యెట్లనునది. బృహన్నల చేతులనిండ కంకణములు ధరించుటకు నదియొక కారణము. సవ్యసాచి గావున రెండు చేతులను గప్పుకొనవలసి వచ్చెను. నారిమచ్చలు వీరునకు భూషణమే కావచ్చును. కాని చర్మము గట్టిపడుట వేఱు, లోపలి నరము నలుగుట వేఱు. చర్మమునకు కాయ కాచును. నరమునకు కాయ కాయదు. అది నలిగి మొద్దుబాఱును. ఈ భేద మెఱుగకయే నేను తపస్సని పలికితిని.

తొడుగు నెంచుటకు ముందు మనము నారి నేవ్రేళ్లతో లాగుచున్నామో తెలిసికొనవలెను. ఇందు రెండు ప్రధానమైన పద్ధతులు గలవు. మొదటిది బొటనవ్రేటిని నారికి చుట్టి, దానిపై చూపుడువ్రేలిని బిగించి లాగుట. తురుష్కులు, మంగోలులు, చీనావారు, మొగలాయీలు ఈ పద్ధతి నవలంబించిరి. దీనికి తొడుగు గాక బొటనవ్రేటి యుంగరము వలయును. కొమ్ముతోను, ఎముకతోను, రాతితోను దానిని చేయుదురు. షాజహాను చక్రవర్తిదైన రాతి యుంగర మొకటి లండనులోని విక్టోరియా అండ్ ఆల్బర్టు మ్యూజియములో నున్నది. జపాను దేశీయులును బొటనవ్రేటితోనే లాగుదురు గాని, వారు ఉంగరమునకు మాఱుగా ‘యుగాకె’ అను జింకతోలు తొడుగు ధరింతురు. దానిలో బొటనవ్రేటి భాగము గట్టిగా నుండును. మన ఆదిపర్వములో ఏకలవ్యుడు బొటనవ్రేలు గురుదక్షిణగా నిచ్చిన పిదప మిగిలిన వ్రేళ్లతో బాణములు వేసెననియు, మునుపటి శీఘ్రత పోయెననియు గలదు. ప్రాచీనుల విలువిద్యలో బొటనవ్రేటికెంత పని యుండెనో దీనివలన నూహింపవచ్చును.

రెండవది చూపుడువ్రేలు బాణమునకు పైనను, నడిమివ్రేలును ఉంగరపువ్రేలును క్రిందను ఉంచి మూడువ్రేళ్లతో లాగుట. ఐరోపాలో నిది వ్యాపించినది. నేడు మన దేశమున విల్లు నేర్చువారిలో ననేకులకు నిదియే యలవాటు. మూడువ్రేళ్ల తొడుగు వీరికొఱకే. బొటనవ్రేటితో లాగువాడు దీనిని ధరించుట, చెవులపోగులు కాలివ్రేళ్లకు పెట్టుకొనుట వంటిది.

ఈ తొడుగును గూర్చి శ్రద్ధగా వ్రాసినవాడు నావంటి బడిపంతులే యగుట నాకు సంతోషము. రోజరు ఆస్కము అను ఆంగ్లపండితుడు, ఎలిజబెత్తురాణికి ఆమె బాల్యమున చదువు చెప్పినవాడు, 1545లో ‘టాక్సోఫిలస్’ అను గ్రంథమును ప్రకటించెను. వట్టితోలు చర్మము నంటియున్నచో చెమర్చి, గట్టిపడి, యొరయును గావున లోపల మెత్తని బట్ట కుట్టుట మేలనియు, ఏవ్రేలిపై భారమెక్కువయో దానికి తోలు దళముగా నుండవలెననియు నాతడు చెప్పినాడు. ఆ సంవత్సరముననే ‘మేరీ రోజు’ అను ఇంగ్లండువారి యుద్ధనౌక మునిగినది. 1982లో దానిని పైకి దీసిరి. విండ్లును, ముంజేతి తోలుకాపులును అందు దొరకినవి. ఆ విండ్లలో పెక్కింటిని లాగుటకు నూఱు పౌనులకు మించిన బలము కావలెనని పరిశోధకుల యంచనా. అట్టి విండ్లు లాగిన బలిష్ఠులే తోలు కట్టుకొనిరి. ఇక ఇరువది పౌనుల విల్లు లాగు బాలునకు తోలు కట్టుట సౌకుమార్య మెట్లగును?

ఇప్పుడు తొడుగు నెన్నుకొను విధము వినుడు. ఈ తొడుగునకు మూడు తోలుగొట్టములు, వానినుండి చేతివీపుమీదుగా పోవు మూడు పట్టెలు, మణికట్టునకు బిగించు కట్టు నుండును. అరచేయి తెఱపిగా నుండును. మొదట గోళ్లు కత్తిరించుకొని తొడుగవలెను. వ్రేలికొన గొట్టపుకొనకు ఆనియు ఆనక యుండవలెను. వదులైనచో నారి విడుచునపుడు తొడుగు మెలిపడును, ఒక్కొక్కపుడు జాఱిపోవును. బిగువైనచో రక్తము పాఱదు. తొడిగి, వ్రేళ్లు మడచి, నూఱు లెక్కించి తీసి చూడుడు. వ్రేళ్లు పాలిపోయినను, జుమ్మనినను అది మీ తొడుగు కాదు. పిమ్మట వ్రేళ్లను కొక్కెమువలె వంచి చూడుడు. నారి నిలుచు తావు వ్రేలి మొదటికణుపు మడత. తోలు ఆ మడతను దాటి రావలెను. అక్కడ కుట్టు ఉండరాదు. కుట్టు నారిక్రింద బడినచో వంద బాణములలో నది వ్రేలిని కోయును. కుట్లు గోటివైపునకుగాని ప్రక్కకుగాని యుండుట మంచిది.

తోలు మాట. మేకతోలు పలుచనై గట్టిగా నుండును. ఆవుతోలు, గేదెతోలు దళసరి. గుఱ్ఱపు పిఱుదుతోలు నున్ననై నారిని సులువుగా జాఱవిడుచునని విదేశములలో ప్రసిద్ధి. జింకతోలు మిక్కిలి మెత్తన. కాని జింకకును, పైన జెప్పిన యుడుమునకును మనదేశమున 1972 నాటి వన్యప్రాణి సంరక్షణచట్టము రక్ష కల్పించినది. కావున వానికై వెదుకుట తప్పు. బాలుర తేలికవిండ్లకు ఒంటిపొర మేకతోలు చాలును. ముప్పది, నలువది పౌనుల విండ్లకు రెండుపొరలు కావలెను. అంతకు మించినచో లోపల గట్టితోలు ముక్క చేర్చి కుట్టించుకొనవలెను. పది బాణములు వేసి తొడుగు తీసి చూచినచో నేవ్రేలు ఎఱ్ఱబాఱినదో తెలియును. అదనపు దళము కావలసినది దానికే.

దళము గదా మేలని లావుపాటి తోలు తొడిగినచో మఱియొక చిక్కు వచ్చును. నారి యెక్కడ నున్నదో వ్రేలికి తెలియదు. తెలియని వ్రేలు గట్టిగా పట్టుకొనును. విలువిద్యకు ఉడుముపట్టు పనికిరాదు. పట్టుట యందఱికి వచ్చును, వీడుటయే విద్య. వ్రేళ్లు నారిని త్రోసివేయరాదు, విదల్పరాదు. సడలగానే నారి తనంత తాను పోవలెను. వట్టివ్రేళ్లవాడు నొప్పికి వెఱచి నారిని వేగిరపడి వదలును. బాణము గుఱి తప్పును. మందపుతోలువాడు నారి తెలియక వ్రేలాడును. బాణము గుఱి తప్పును. వెఱపు పోవునంత దళమును, స్పర్శ నిలుచునంత పలుచనయు గలది మంచి తొడుగు. సుఖమనగా నాలోచనయే వ్రేళ్లమీదికి పోకుండుట. మనస్సంతయు గుఱిపై నిలుచుట.

తొడుగు దొరకనిచో ఊరిలో చెప్పులు కుట్టువాని నడిగి అరచేతికి లోపల పట్టు తోలుపట్టె నొకదానిని కోయించుకొనవచ్చును. వ్రేలు దూర్చుటకు దానికి రంధ్రముండిన చాలును. ఎడమచేతిని గూడ మఱవరాదు. విల్లు పట్టినచేతిమీదుగా బాణము పోవునపుడు ఈకల మొదళ్లు చర్మమును గీఱును గనుక పలుచని తొడుగును, నారి తగులు ముంజేతికి తోలుకాపును ఉండవలెను.

తోలునకు సంరక్షణ కావలెను. చెమటతో తడిసిన తొడుగును నీడలో ఆఱవేయవలెను. ఎండలోగాని పొయ్యివద్దగాని పెట్టినచో బిరుసెక్కును. నూనె యతిగా పట్టించినచో మెత్తబడి నారికి అంటుకొనును. వ్రేళ్లు చెమర్చువారు లోపల కొంచెము పౌడరు చల్లుకొనవచ్చును. కొంతకాలమునకు నారి త్రోవ తోలుమీద చాలువలె పడును. ఆ చాలు లోతైనప్పుడు నారి అందు తగులుకొనును. అప్పుడు క్రొత్తది తొడుగవలెను. కావున నొకటి పాతబడకమున్నే మఱియొకదానిని వాడి మెత్తపఱచి యుంచుకొనుట మేలు. అన్నిటికంటె ముఖ్యము: వ్రేలు తిమ్మిరెక్కినచో నానాటికి విల్లు దింపివేయవలెను. మఱునాటికిని తగ్గకున్న వైద్యునకు చూపవలెను. ఇది తపోభంగము కాదు.

మా బాలునికి వైద్యుని మాటపై ఆఱువారములు విల్లు మాన్పించితిమి. స్పర్శ క్రమముగా వచ్చినది. పరీక్షలో ఉత్తీర్ణుడైనాడు, దస్తూరి మాత్ర మాయేడు కోడిగీతలే. తరువాత మేకతోలు తెప్పించి, వాని వ్రేళ్లు నేనే కొలిచి, తొడుగు కుట్టించి, వాని తల్లియెదుట వానికిచ్చితిని. ఆమె దానిని త్రిప్పి త్రిప్పి చూచి, “ఇది ముందే ఇవ్వవలసింది పంతులుగారూ” అనెను. ఔను, ముందే ఇయ్యవలసినది. శ్రోతలారా! మీ యింట బాలుడెవడైన విల్లు పట్టినచో, బాణములు కొనుటకు ముందు వాని వ్రేళ్లు కొలువుడు.