ఎగిరే పళ్ళెమును చూచినవారు

తగవులు తీర్చుటకు కూర్చుండు పెద్దలకు సాక్షి యనగా నెవరో నేను వివరింప నక్కరలేదు. కన్నది చెప్పువాడొకడు, విన్నది చెప్పువాడొకడు, కన్నదానికి విన్నదానిని అతికి చెప్పువాడు మరియొకడు. ఈ మూడవవాడు బొంకువాడు కాడు. తాను చెప్పునది తాను నిజముగనే నమ్మును. చిక్కంతయు వానితోనే. అమెరికా దేశమందలి రోజ్‌వెల్ అను ఊరి కథలో ఇట్టి సాక్షులు పెక్కుమంది కలరు గనుక దానిని మీకు విన్నవించుచున్నాను.

న్యూ మెక్సికో రాష్ట్రము వానలు తక్కువైన మెట్టసీమ. అచ్చట గొఱ్ఱెలు మేయు విశాలమైన బీళ్లు గలవు. 1947 జూన్ నెలలో బ్రేజిల్ అను పెద్దపాలేరు, తాను చూచుకొను బీడులో కొంత తుక్కు చెదరిపడి యుండుట కనెను. రబ్బరు పీలికలు, తగరపు రేకు, దళసరి కాగితము, సన్నని పుల్లలు. పని తొందరలో దానిని లెక్కచేయక పోయెను.

ఆ నెల 24వ తేదీన, అక్కడికి ఎంతో దూరమున వాషింగ్టన్ రాష్ట్రములో, కెన్నెత్ ఆర్నాల్డ్ అను విమానచోదకుడు తొమ్మిది వింత వస్తువులు మహావేగముతో పోవుట చూచితినని చెప్పెను. పత్రికలవారు వానికి ఎగిరే పళ్ళెములని పేరు పెట్టిరి. దేశమంతట జనులు తలలెత్తి ఆకాశమును చూడసాగిరి. జులై మొదటి దినములలో ఈ మాట బ్రేజిల్ చెవిని పడెను. తన బీటిలో పడినదియు అట్టిదేమో యని తోచి, ఉన్ని అమ్ముటకై రోజ్‌వెల్ పోయినప్పుడు షెరీఫుతో గుట్టుగా చెప్పెను.

షెరీఫు సైనికులకు కబురు చేసెను. ఆ ఊరనున్న సేన సామాన్యమైనది కాదు. 1945లో జపాను నగరములపై అణుబాంబులు వేసిన దళమే అది. అందలి గూఢచార విభాగాధికారి మేజర్ మార్సెల్ బీటికి పోయి తుక్కు నేరి తెచ్చెను. జులై 8న, ఎగిరే పళ్ళెమొకటి తమ చేజిక్కినదని స్థావరమువారే ప్రకటించిరి. ఇది వదంతి కాదు సుమా, సైన్యము స్వయముగా చాటిన మాట. అదే దినమున ఫోర్ట్‌వర్త్ నగరమందలి జనరల్ రేమీ, అది గాలివానల పరిశీలనకై వదలు బెలూను మాత్రమేయని ఆ మాటను త్రోసివేసెను. తగరపు రేకు తునకలు చేతబట్టిన మార్సెల్ ఛాయాచిత్రము నేటికిని కలదు.

మరునాడు ఆ ఊరి పత్రికలో బ్రేజిల్ వాఙ్మూలము పడెను. తుక్కంతయు ఐదు పౌనులుండునట; అనగా రెండున్నర కిలోలకు లోపు. కొంత అంటుపట్టీపై పూలు అచ్చువేసి యున్నవట. ఈ పూల మాట జ్ఞాపకముంచుకొనుడు. మరియు తనకు లోగడ రెండుమార్లు వాతావరణపు బెలూనులు దొరికినవనియు, ఇది వానివలె లేదనియు అతడు గట్టిగా పలికెను.

పిమ్మట ముప్పదియేండ్లు ఎవరును ఆ ఊసెత్తలేదు. 1978లో, ఉద్యోగము చాలించిన మార్సెల్, ఆ వస్తువు ఈ లోకమునకు చెందినది కాదని స్టాంటన్ ఫ్రీడ్‌మన్ అను పరిశోధకునితో చెప్పెను. సమ్మెటతో మోదినను నొక్కుపడని పలుచని రేకు, ఎవరికిని తెలియని లిపి. 1980లో పుస్తకము వెలువడెను. అటుపై సాక్షులు ఏటేట పెరిగిరి. 1947 నాటి పత్రికలలో కళేబరముల మాటయే లేదు. ఇప్పుడవియు వచ్చి చేరినవి. శవసంస్కారముల పనిచేసిన యొకడు, సైనికులు తన్ను చిన్న పెట్టెలకై అడిగిరనియు, ఒక నర్సు వింత దేహములను చూచెననియు 1989లో చెప్పెను. అతడు చెప్పిన పేరుగల నర్సు సేన జాబితాలలో కానరాలేదు. వస్తువును మోసుకొనివచ్చిన వారిలో తానుంటినని చెప్పిన మరియొకడు 2001లో మరణించిన పిదప, అతని కాగితములలో దిద్దుబాటు చేసిన పత్రములు బయటపడెను.

అయినచో అంతయు కట్టుకథయేనా? కాదు. సైన్యము దాచినది నిజముగనే యొకటి కలదు. దూరదేశమున అణుబాంబు పేలినచో దాని ధ్వని వాయుమండలమునందలి యొక పొర వెంబడి వేలమైళ్లు ప్రాకునని శాస్త్రజ్ఞులు తలచిరి. రష్యావారి ప్రయోగములను పసిగట్టుటకై, ఇరువదికి పైగా బెలూనులను ఆరువందల అడుగుల పొడవున వరుసగా కట్టి, శబ్దము గ్రహించు యంత్రములతో పైకి పంపిరి. రాడారుకు కనబడుటకై పుల్లలకు తగరపు కాగితమంటించిన చట్రములు వ్రేలాడదీసిరి. దీని గుప్తనామము మొగల్. 1947 జూన్ 4న అలమగోర్డో నుండి వదలిన వరుసయే ఆ బీటిలో పడియుండునని వైమానికదళము 1994లో ప్రకటించెను. ఆ చట్రములపై బొమ్మల తయారీదారుని వద్ద కొన్న పూల పట్టీ అంటించిరని ఆ పనిలో నుండిన చార్లెస్ మూర్ చెప్పెను. బ్రేజిల్ చూచిన పూలును, మార్సెల్ చెప్పిన లిపియు ఒక్కటే యని నా తలంపు. జూన్ 4 నాటి దినచర్యలో మబ్బులచే బెలూనులు పంపలేదని వ్రాసి యుండుటచే దీనిని ఆక్షేపించువారును కలరు. అయినను ఆ వాక్యము ప్రక్కనే బెలూనుల గుత్తి యొకటి పంపినట్లును కలదు.

1997లో అదే దళమువారు, కళేబరములనగా విమానములనుండియు బెలూనులనుండియు జారవిడచిన మనిషిబొమ్మలేయని మరియొక సమాధానమిచ్చిరి. ఆ బొమ్మలు పడినది 1950 తరువాత. ఈ సమాధానము నాకు రుచింపలేదు. లేని కళేబరములకు బొమ్మలను వెదకుట ఎందులకు?

మన సీమలోను ఇట్టిది జరిగెను. 2022 డిసెంబరులో వికారాబాదు జిల్లా మర్పల్లి మండలపు పొలములో పెద్ద గుండ్రని యంత్రమొకటి దిగెను. జనులు గుమిగూడిరి, ఎగిరే పళ్ళెమనియు అనిరి. అది హైదరాబాదునుండి బెలూనుకు కట్టి పంపిన పరిశోధన యంత్రమని త్వరలోనే తెలిసెను. దానిలో దాపరికము లేకుండెను గనుక కథ పెరుగలేదు.

రోజ్‌వెల్ స్థావరమునుండి ఆ కాలమున పోయిన వార్తల ప్రతులను చూడగోరి అమెరికా కాంగ్రెసువారి తనిఖీ శాఖ వెదకగా, అవి నశింపజేయబడినవని 1995లో తేలెను. అందుచే నాటి మాటగా మనకు ముఖ్యముగా మిగిలినది ఆ పెద్దపాలేరు వాఙ్మూలము. పత్రికలవారి రద్దీకి విసిగి, ఇకమీద బాంబు తప్ప మరేది దొరికినను తనచే నోరు విప్పించుట కష్టమని అతడా దినముననే అనెను.