పక్కన పెట్టడమా, కొట్టివేయడమా? ఇంగ్లీషు క్రియల వెంట వచ్చే చిన్న మాటల సంగతి

కింది కోర్టు ఇచ్చిన తీర్పును పై కోర్టు 'సెట్ అసైడ్' చేసిందని ఇంగ్లీషు ఉత్తర్వులో ఉంటుంది. 'సెట్' అంటే పెట్టడం, 'అసైడ్' అంటే పక్కన. రెండూ కలిపి చదివితే తీర్పును ప్రస్తుతానికి పక్కన పెట్టారని, తర్వాత మళ్లీ తీస్తారని అనిపిస్తుంది. అసలు అర్థం అది కాదు. ఆ తీర్పును కొట్టివేశారు, ఇక అది చెల్లదు. అదే 'సెట్ అసైడ్' ఇంటి లెక్కల్లో వస్తే నెలనెలా కొంత డబ్బు వెనకేయడం అని అర్థం. భూమి తగాదాలో ఉన్న కుటుంబం మొదటి అర్థానికి బదులు రెండోది పట్టుకుంటే ఎంత నష్టమో చెప్పనక్కర్లేదు.

బళ్లారిలో, హోసూరులో, బరంపురంలో, షోలాపురంలో స్థిరపడిన మన ఇళ్లలో ఈ చిక్కు ఎక్కువ. పిల్లలకు బడిలో కన్నడమో తమిళమో ఒడియానో మరాఠీయో ఉంటుంది, దానితోపాటు ఇంగ్లీషు ఉంటుంది. బ్యాంకు ఉత్తరం, కంపెనీ మెయిలు, ఆస్పత్రి కాగితం ఇంగ్లీషులోనే వస్తాయి. వాటిలో పెద్ద మాటలకు నిఘంటువు చూసుకుంటాం. పుట్, టర్న్, లుక్, టేక్ లాంటి చిన్న మాటలు తెలిసినవే కదా అని దాటేస్తాం. పొరపాటు జరిగేది అక్కడే.

మూడు మెట్లు

క్రియ పక్కన అప్, డౌన్, ఇన్, అవుట్, ఆన్, ఆఫ్, ఓవర్ లాంటి మాట చేరినప్పుడు అర్థం మూడు మెట్లలో ఏదో ఒకదానిపై ఉంటుంది. 'రన్ ఇంటూ' తీసుకుందాం. పిల్లవాడు గదిలోకి 'రన్ ఇంటూ' అంటే పరిగెత్తుకుంటూ వెళ్లాడు. ఇది సూటి అర్థం, రెండు మాటలూ తమ తమ పనే చేస్తున్నాయి. వ్యాపారి నష్టాల్లోకి 'రన్ ఇంటూ' అంటే నష్టాల్లో పడ్డాడు. ఇక్కడ పరుగు లేదు, లోపలికి పోవడం అనే భావం మాత్రం మిగిలింది. సంతలో పాత స్నేహితుడిని 'రన్ ఇంటూ' అంటే అనుకోకుండా తారసపడ్డాడు. ఇక్కడ పరుగూ లేదు, లోపలా లేదు. రెండు మాటలూ కలిసి మూడో మాట అయ్యాయి.

ఇలా కలిసిపోయిన జంటలను ఇంగ్లీషు వ్యాకరణంలో ఫ్రేజల్ వర్బ్స్ అంటారు. 1925లో లోగన్ పియర్సాల్ స్మిత్ తన 'వర్డ్స్ అండ్ ఇడియమ్స్' పుస్తకంలో ఈ పేరు వాడాడు. పేరు సూచించింది ఆక్స్‌ఫర్డ్ నిఘంటువు సంపాదకుల్లో ఒకడైన హెన్రీ బ్రాడ్లీ అని అందులోనే చెప్పాడు. పేరు కొత్తదే గాని చిక్కు పాతది. 1755లో నిఘంటువు తెచ్చిన శామ్యూల్ జాన్సన్ కూడా పరదేశీయులకు ఇంగ్లీషులో అన్నిటికంటే కష్టమైనది ఇదేనని తన ముందుమాటలో రాశాడు.

మన తెలుగులో లేదా?

ఇది ఇంగ్లీషువాళ్లకే ఉన్న వింత కాదు. బావిలోంచి బకెట్ పైకొచ్చింది అంటాం. కష్టపడి పైకొచ్చాడు అని కూడా అంటాం. మొదటిది సూటి మాట, రెండోది జీవితం గురించి. వానకు గోడ మీద పడింది అంటాం, పని అంతా నా మీద పడింది అంటాం. నిజం బయటపడింది అంటే తెలిసింది, గండం నుంచి బయటపడ్డాడు అంటే తప్పించుకున్నాడు. ఒకే 'బయటపడు'కు రెండు దారులు.

కొన్ని జంటలు ఇంగ్లీషుతో అచ్చంగా సరిపోతాయి. 'స్ట్రైక్ డౌన్' అంటే చట్టాన్ని కొట్టివేయడం. 'పాయింట్ అవుట్' అంటే ఎత్తిచూపడం. 'థ్రో అవుట్' అంటే బయటికి విసరడమూ అవుతుంది, అప్పీలును తోసిపుచ్చడమూ అవుతుంది. తోసిపుచ్చడంలో చేత్తో తోసేది ఏమీ లేదు కదా!

ఇంకో పోలిక చూడండి. 'ఈట్' అంటే తిను, 'ఈట్ అప్' అంటే మిగల్చకుండా తినేయి. ఇక్కడ 'అప్' పైకి అని కాదు, పూర్తిగా అని. మనం 'తినేయి' అన్నప్పుడు 'వేయి' చేసే పనీ అదే. అక్కడ ఎవరూ దేన్నీ వేయడం లేదు, పని ముగిసిందని చెబుతున్నాం. 'యూజ్ అప్' అంటే వాడేయడం. 'రన్ అవుట్' అంటే, క్రికెట్ వదిలేస్తే, బియ్యమో పెట్రోలో అయిపోవడం. ఇంగ్లీషుకు 'అప్', 'అవుట్' ఎలాగో మనకు 'వేయు', 'పోవు' అలాగ.

చిన్న మాటలకూ ఒక తీరు ఉంది

ఈ జంటలను వందలకొద్దీ బట్టీ పట్టనక్కర్లేదు. చిన్న మాట ఎటు లాగుతుందో తెలిస్తే సగం అర్థం ఊహకు అందుతుంది.

'అప్' మూడు పనులు చేస్తుంది: పైకి పోవడం, ఎక్కువ కావడం, పూర్తి కావడం. 'డౌన్' కిందికి, తక్కువకు, ఆగిపోవడానికి లాగుతుంది. రేడియో శబ్దం 'టర్న్ డౌన్' చేస్తే తగ్గించడం, దరఖాస్తును 'టర్న్ డౌన్' చేస్తే తిరస్కరించడం. బండి 'బ్రేక్ డౌన్' అయితే ఆగిపోవడం, మనిషి 'బ్రేక్ డౌన్' అయితే దుఃఖం ఆపుకోలేకపోవడం. 'అవుట్'ది రెండు దారులు: వెలుగులోకి రావడం, లేకుండా పోవడం. 'ఫైండ్ అవుట్' అంటే తెలుసుకోవడం, 'పుట్ అవుట్' అంటే మంట ఆర్పడం. 'ఆఫ్' చాలాసార్లు విడదీస్తుంది, దూరం చేస్తుంది. చెప్పులు విప్పడమూ 'టేక్ ఆఫ్', విమానం నేలను విడవడమూ 'టేక్ ఆఫ్'.

'పైన అంటే ఎక్కువ, కింద అంటే తక్కువ' అని మనిషి ఆలోచనలోనే ఒక పోలిక ఉందని జార్జ్ లేకాఫ్, మార్క్ జాన్సన్ 1980లో 'మెటఫర్స్ వి లివ్ బై' పుస్తకంలో వివరించారు. ధరలు పెరిగాయి, ఎక్కాయి, దిగాయి అని మనం అనేటప్పుడూ ఆ పోలికే పనిచేస్తుంది.

కాగితాల్లో జాగ్రత్త పడవలసినవి

'పుట్ ఆఫ్' అంటే వాయిదా, 'కాల్ ఆఫ్' అంటే రద్దు. ఇంటర్వ్యూ గురించి వచ్చిన మెయిలులో ఈ రెంటినీ ఒకటే అనుకుంటే అవకాశం పోతుంది.

'లే ఆఫ్' అంటే పని తగ్గో, ఖర్చు తగ్గించుకోవడానికో ఉద్యోగిని తీసేయడం. తప్పు చేశాడని తీసేయడం కాదు. బంధువులకు చెప్పేటప్పుడు ఈ తేడా ఆ పిల్లవాడి పరువుకు సంబంధించినది.

'పే బ్యాక్' అంటే అప్పు తిరిగి కట్టడం, కొంత కట్టినా ఆ మాట వాడవచ్చు. 'పే ఆఫ్' అంటే బాకీ పూర్తిగా తీరిపోవడం.

'ఫాల్ త్రూ' అంటే కుదరబోయిన బేరమో సంబంధమో తప్పిపోవడం.

'లుక్ ఓవర్' అంటే కాగితాన్ని ఒకసారి చూడడం. వాటినే తిప్పి ఒకే మాటగా 'ఓవర్‌లుక్' అంటే చూడకుండా వదిలేయడం. దాదాపు ఎదురు అర్థం.

'పాస్ అవుట్' విషయం వేరు. మన దేశంలో కాలేజీ చదువు ముగించాడని వాడతాం. ఇంగ్లండులోనో అమెరికాలోనో వింటే స్పృహ తప్పాడనుకుంటారు. అక్కడ చదువు గురించి 'గ్రాడ్యుయేట్' అంటేనే మేలు. అలాగే మన ఆఫీసుల్లో ఫైలును పై అధికారికి 'పుట్ అప్' చేస్తారు, 'ఎక్కడ పుట్ అప్ అయ్యారు' అని బసనూ అడుగుతారు. బయటివాళ్లకు ఈ వాడుకలు వెంటనే అందవు.

తెలుగు నుంచి జారే తప్పులు

తెలుగులో లో, మీద, తో, గురించి లాంటివి నామవాచకం వెనక వస్తాయి. ఇంగ్లీషులో అలాంటివి ముందు వస్తాయి, ఏది రావాలో చాలాసార్లు క్రియే నిర్ణయిస్తుంది. అందుకే మన ఆలోచనను మాటకు మాట దించితే తేడా వస్తుంది. 'గురించి చర్చించు' మనసులో ఉంటే 'డిస్కస్ అబౌట్' అంటాం. ఇంగ్లీషులో 'డిస్కస్' తర్వాత ఏదీ అక్కర్లేదు. 'నా మీద కోపం' నుంచి 'యాంగ్రీ ఆన్ మి' వస్తుంది, అక్కడ 'విత్' ఉండాలి. 'అతనితో పెళ్లి' నుంచి 'మ్యారీడ్ విత్' వస్తుంది, అక్కడ 'టు' ఉండాలి. కొన్నిసార్లు మాత్రం రెండు భాషలూ కలుస్తాయి: 'డిపెండ్ ఆన్' అంటే మీద ఆధారపడడమే.

ఇంకో చిన్న పరీక్ష ఉంది. దీపం ఆర్పమనేటప్పుడు 'టర్న్ ఇట్ ఆఫ్' అంటారు. 'ఇట్' మధ్యలోనే రావాలి, 'టర్న్ ఆఫ్ ఇట్' తప్పు. బిడ్డను చూసుకో అనేటప్పుడు 'లుక్ ఆఫ్టర్ హిమ్' అంటారు. ఇక్కడ 'హిమ్' మధ్యలోకి రాకూడదు. మొదటి జంట విడిపోయేది, రెండోది విడిపోనిది. నేర్చుకునేటప్పుడే 'ఇట్', 'హిమ్' పెట్టి చిన్న వాక్యంగా నేర్చుకుంటే ఇది నోటికి పట్టుబడుతుంది.

ఒకే భావానికి రెండు మాటలు

ఇంగ్లీషులో చాలా భావాలకు ఇంటి మాట ఒకటి, కచేరీ మాట ఒకటి ఉంటాయి. 1066లో నార్మన్లు ఇంగ్లండును గెలిచాక ఫ్రెంచి మాటలు దండిగా వచ్చాయి, తర్వాత లాటిన్ మాటలూ చేరాయి. 'పుట్ ఆఫ్'కు 'పోస్ట్‌పోన్', 'పుట్ అవుట్'కు 'ఎక్స్‌టింగ్విష్', 'పుట్ అప్ విత్'కు 'టాలరేట్'. మనకు 'తగ్గింపు', 'న్యూనీకరణ' ఉన్నట్టే. ఉత్తరం రాసేటప్పుడు సందేహం వస్తే ఒంటి మాట వాడడం క్షేమం. కాని ఎదుటివారు మాట్లాడేటప్పుడు జంట మాటలే వస్తాయి కాబట్టి వాటిని అర్థం చేసుకోక తప్పదు.

ఇంట్లో ఏం చేయవచ్చు

నిఘంటువులో 'పుట్' ఒక్కటే చూసి ఆగకుండా, దాని కిందే వరుసగా ఇచ్చిన 'పుట్ ఆఫ్', 'పుట్ అప్ విత్' వంటివి చూడడం అలవాటు చేయండి. కోర్టు, బ్యాంకు కాగితాలైతే ఊహించకుండా వకీలునో బ్యాంకు అధికారినో అడగండి. పిల్లలు కొత్త జంట మాట తెచ్చినప్పుడు 'దీన్ని మనం ఇంట్లో ఎలా అంటాం' అని అడగండి. 'గివ్ ఇన్' అంటే లొంగిపోవడం, 'గివ్ అప్' అంటే చేతులెత్తేయడం, 'స్టాండ్ అప్ ఫర్' అంటే ఒకరి తరఫున నిలబడడం.

ఈ జవాబులు చెప్పడానికి తెలుగు చదవడం, రాయడం రావాల్సిన పని లేదు. ఇంగ్లీషు అక్షరం ముక్క రాని అమ్మమ్మకు కొట్టడానికీ కొట్టిపారేయడానికీ, వెనక పడడానికీ వెనకేసుకురావడానికీ తేడా బాగా తెలుసు. మాట పక్కన మాట చేరితే అర్థం మారుతుందన్న ఎరుక పిల్లలకు ఆమె దగ్గరే దొరుకుతుంది. ఇంట్లో తెలుగు మాట్లాడితే ఇంగ్లీషు వెనకబడుతుందని భయపడే తల్లిదండ్రులు ఈ సంగతి కాస్త ఆలోచించాలి.